ముక్కలైన తెలుగు అక్షరములు: కారణమును కనుగొను విధము



కొన్ని సంవత్సరముల క్రిందట మన పాఠశాల వార్షికోత్సవమునాడు సభాద్వారము ప్రక్కన ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టించితిమి. పదవ తరగతి పరీక్షలో మంచి మార్కులతో గెలుపొందిన పిల్లల ఛాయాచిత్రములును, ఒక్కొక్క చిత్రము క్రింద ఒక్కొక్క పేరును అందు ముద్రింపబడియుండెను. దేవరకొండ వైపు పల్లెనుండి ఒక వృద్ధురాలు తన మనుమరాలి పేరు చూచుటకై వచ్చెను. ఆమె చిన్ననాట బడికి పోలేదు. పెద్దవయస్సున రాత్రిబడిలో అక్షరములు నేర్చుకొన్నది. తెలుగు తప్ప వేరొక లిపి యెరుగదు. ఫ్లెక్సీ యెదుట నిలిచి, వ్రేలితో ఒక్కొక్క అక్షరమును చూపుచు పేర్లన్నియు చదివి, తన మనుమరాలి చిత్రము క్రింద ఆగిపోయెను.

ఆ బాలిక పేరులో జ్యోత్స్న యను మాట యున్నది. ఫ్లెక్సీమీద నది "జ్‌యోత్‌స్‌న" యని పొల్లులతో ముక్కలుగా నుండెను.

"సారూ, అందరి పేర్లు చదవొస్తున్నయి. మా పిల్ల పేరే ఇరిగిపోయింది. ఎందుకట్ల?" అని ఆమె నన్నడిగెను.

నాకు వెంటనే జవాబు తోచలేదు. అంతకన్న సిగ్గుపడవలసిన సంగతి యింకొకటి గలదు. అచ్చునకు ముందు దుకాణమువారు ఆ పటమును నా ఫోనునకు పంపియుండిరి. నేను చిన్న తెరపై దానిని పైపైన చూచి, బాగున్నది, అచ్చు వేయుడని వ్రాసితిని. కావున ఆ తప్పులో నా పాలు గలదు. ఆ నాయనమ్మ ప్రశ్నకు ఆనాడు ఇయ్యలేని జవాబును ఈ పాఠములో వ్రాయుచున్నాను. మీలో అనేకులు ఇప్పుడు కంప్యూటరుపై ఆహ్వానపత్రికలును గోడపత్రికలును తయారు చేయుచున్నారు గనుక ఇది మీకు ఉపయోగపడగలదు.

1. ప్రశ్నలోనే యున్న ఆనవాలు

లోపమును కనుగొనగోరువాడు మొదట అది ఎచ్చట నున్నదో, ఎచ్చట లేదో చూడవలెను. ఆ సాయంకాలము నేను ఫ్లెక్సీని మరల శ్రద్ధగా చదివితిని. కమల, భరత వంటి తలకట్టు అక్షరములు మాత్రమే గల పేర్లు చక్కగా నుండెను. గుణింతపు గుర్తులు గల పేర్లలో ఆ గుర్తులు అక్షరమునకు సరిగా నతుకక కొంచెము తొలగియుండెను. అయినను చదువ వీలుగా నుండెను. వత్తులు గల పేర్లు మాత్రము పూర్తిగా విరిగియుండెను. ఒక్క జ్యోత్స్నయే కాదు, లక్ష్మి సయితము "లక్‌ష్‌మి" యైనది.

లోపము అన్ని పేర్లకు సమానముగా లేదు. అక్షరములు ఒకదానితోనొకటి కలియవలసిన చోటనే చెదరినవి. మా పరిశోధనకు ఇదియే మొదటి ఆనవాలు.

2. అక్షరము తెరపైకి వచ్చు మార్గము

తెలుగక్షరము అచ్చునకెక్కి రెండున్నర శతాబ్దములు దాటినది. మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ అను జర్మన్ మిషనరీ 1746వ సంవత్సరమున తన దేశమందలి హాలే పట్టణమున తెలుగు పుస్తకమును అచ్చు వేయించెను. సీసపు అక్షరముల కాలములో కంపోజిటరు ఒక్కొక్క అచ్చక్షరమును పెట్టెలోనుండి చేతితో తీసి, వత్తును దాని చోట తానే చేర్చెడివాడు. ఏ వత్తు ఎచ్చట నుండవలెనో అతని తల యెరుగును. అతని చేయి ఆ ప్రకారము చేయును.

కంప్యూటరునందు ఆ కంపోజిటరు చేయు పని నాలుగు భాగములుగా విడిపోయినది. అవి సంకేతము, ఫాంటు, కూర్పు, తెర.

సంకేతము: కంప్యూటరు అక్షరమును బొమ్మగా గాక సంఖ్యగా దాచుకొనును. లోకమందలి లిపులన్నిటికి ఒకే సంకేతపద్ధతి యుండవలెనని ఏర్పడిన యూనికోడ్ 1991లో వెలువడినది. అందు తెలుగునకు 128 స్థానముల ఖండము కేటాయింపబడెను. అచ్చులకు, హల్లులకు, గుణింతపు గుర్తులకు, పొల్లునకు అందు స్థానములు గలవు గాని వత్తులకు వేరుగా స్థానము లేదు. హల్లు, పొల్లు, మరియొక హల్లు వరుసగా వచ్చినయెడల రెండవ హల్లు వత్తుగా మారవలెనని నియమము. జ్యోత్స్న యను మాట కంప్యూటరులో జ, పొల్లు, య, ఓకారపు గుర్తు, త, పొల్లు, స, పొల్లు, న అను తొమ్మిది సంకేతముల వరుసగా నుండును.

ఫాంటు: ఆ సంఖ్యలకు ఆకారముల నిచ్చునది ఫాంటు. మంచి ఫాంటులో హల్లులే గాక వత్తుల రూపములు, క్ష వంటి కలిసిన రూపములు, ఏది దేనితో నెట్లు కలియవలెనను పట్టికలు సయితము దాచబడియుండును. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి అట్టిది. సిలికానాంధ్ర వారు ఉచితముగా నందజేసిన ఫాంటులలో సురవరమనునది యొకటి. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన మన పాలమూరు సీమవారైన సురవరము ప్రతాపరెడ్డిగారి పేరు దానికి పెట్టబడినది.

కూర్పు: ఫాంటులోని పట్టికను చదివి, దాని ప్రకారము అక్షరములను కలుపు భాగమొకటి సాఫ్టువేరులో నుండవలెను. దీనిని టెక్స్టు ఇంజను అందురు. సీసపు అక్షరముల కాలపు కంపోజిటరుతో పోల్చదగినది ఇదియే. దీని పని ఎంత సున్నితమైనదో చూడుడు. జ్యో అను అక్షరములో ఓకారపు గుర్తు సంకేతముల వరుసలో యకారము తరువాత నున్నది. కాని మనము వ్రాయునప్పుడు జో వ్రాసి, దానికి యవత్తు ఇత్తుము. అనగా ఆ గుర్తు యకారమును దాటి జకారముతో కలియవలెను. కూర్పు చేయు భాగము పనిచేయనియెడల గుర్తు యకారముమీదనే నిలిచిపోవును, పొల్లు పొల్లుగానే మిగులును. ఫ్లెక్సీమీద జరిగినది సరిగా నిదియే.

తెర: కూర్చబడిన అక్షరమును మన కన్నులకు చూపునది తెర. దానిని నడుపుటకు గ్రాఫిక్స్ కార్డును, దానికి తగిన డ్రైవరును గలవు.

3. ఈ లోపము మనదొక్కరిదే కాదు

మన పట్టణములలో దుకాణముల పలకలు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషులలో నుండుట మీరెరుగుదురు. ఇంగ్లీషు అక్షరములు ఒకదాని ప్రక్క నొకటి నిలుచును గాని కలియవు. అందుచేత కూర్పు చేయు భాగము లేకున్నను ఇంగ్లీషునకు కీడు లేదు. ఉర్దూ అట్లు కాదు. కూర్పు లేనప్పుడు ఆ అక్షరములు విడివిడిగా నిలిచి, కుడినుండి యెడమకు నడువవలసినవి యెడమనుండి కుడికి నడుచును. హిందీలో హల్లునకు ముందు రావలసిన ఇకారపు గుర్తు దాని తరువాత వచ్చును. కావున ఇది కలిసి వ్రాయబడు లిపులన్నిటికి గల చిక్కు.

పెద్ద సంస్థల యంత్రములు సయితము ఇచ్చట తొట్రుపడిన సంగతి లోకవిదితము. 2018 ఫిబ్రవరిలో తెలుగు "జ్ఞా" అక్షరమును కంటికి కనబడని యొక సంకేతముతో చేర్చిన వరుస ఐఫోనునకు వచ్చినంతనే, దానిని చూపబోయిన ఆప్‌లు మూసికొనిపోయెను. ఆపిల్ సంస్థవారు ఫిబ్రవరి 19వ తేదీన 11.2.6 అను సవరణను విడుదల చేసి దానిని బాగుచేసిరి. జ్ఞానమను మాటకు మొదటి యక్షరమే అంతటి యంత్రమును నిలిపివేసినదన్నచో, కూర్పు పని ఎంత జాగ్రత్త కోరునో తెలిసికొనవచ్చును.

4. నాలుగు పరీక్షలు

మరునాడు ఆ బాలికను, ఆమె తరగతివారిని మరి యిద్దరిని వెంటబెట్టుకొని ముద్రణ దుకాణమునకు పోతిని. దుకాణపు యజమాని మర్యాదస్థుడు. "మేము ఇరువది యేండ్లుగా తెలుగు అచ్చు వేయుచున్నాము సారూ, ఇట్లు ఎన్నడును కాలేదు. వత్తులున్న పేర్లు ఇంగ్లీషులో వేయుదునా? చక్కగా వచ్చును" అనెను. నాయనమ్మ ఇంగ్లీషు చదువలేదని ఆ బాలిక మెల్లగా చెప్పెను. సరే, కారణము వెదకుదమని నలుగురమును కూర్చుంటిమి. ఒక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేయవలెననియు, చేసినదెల్ల కాగితముమీద వ్రాసికొనవలెననియు ముందుగా నియమము పెట్టుకొంటిమి. రెండు మార్పులు ఒక్కమారు చేసినచో, ఏది ఫలించినదో ఎవరికిని తెలియదు.

మొదటి పరీక్ష, సంకేతమునకు: అదే పేరును నకలు చేసి నోట్‌ప్యాడు పుటలో నుంచితిమి. జ్యోత్స్న చక్కగా కనబడెను. కావున నేను పంపిన సంకేతములు సరియైనవే.

రెండవ పరీక్ష, ఫాంటునకు: చిత్రములను దిద్దు సాఫ్టువేరులో ఫాంటును రెండుమార్లు మార్చితిమి. అక్షరముల అందము మారినది గాని విరుగుడు మారలేదు. నోట్‌ప్యాడులో సరిగా నున్న ఫాంటే ఇచ్చట విరుగుచున్నది గనుక లోపము ఫాంటులో లేదు.

మూడవ పరీక్ష, తెరకు: పటమును వేరొక ఫైలుగా దాచి ఫోనులో తెరచి చూచితిమి. అచ్చటను విరిగియే యున్నది. అచ్చు వేసినప్పుడు సయితము విరిగియే వచ్చినది గదా! కావున లోపము తెరలో లేదు, పటములోనే యున్నది.

నాలుగవ పరీక్ష, కూర్పునకు: ఇక మిగిలినది ఇదియొక్కటే. సాఫ్టువేరు నిర్ణయముల పట్టికలో అక్షరములకు సంబంధించిన భాగమును తెరచితిమి. కూర్పు ఇంగ్లీషు మొదలగు లిపులకు తగినట్లు పెట్టబడియున్నది. దాని ప్రక్కనే మన లిపులకు తగిన వేరొక నిర్ణయము గలదు. దానిని ఎంచుకొని, సాఫ్టువేరును మూసి మరల తెరచి, క్రొత్త పుట తీసి అందు పేరును చేర్చితిమి. జ్యోత్స్న అతుకుకొన్నది. ఆ బాలిక తన పేరును పైకి చదివెను. దుకాణపు యజమాని, "ఇన్నేండ్లలో ఈ పట్టిక నేనెన్నడును తెరువలేదు" అనెను.

అట్లయిన ఇరువది యేండ్లుగా ఆయన తెలుగు అచ్చు ఎట్లు వేసెను? మన ప్రాంతపు డి.టి.పి. దుకాణములలో అను స్క్రిప్టు మేనేజరు వంటి సాధనములు చిరకాలము వాడుకలో నున్నవి. ఆ పద్ధతిలో టైపు చేయువారే వత్తును, గుణింతమును ముక్కలుగా ఎన్నుకొని చేర్చుదురు. కంప్యూటరు మాత్రము వానిని ఇంగ్లీషు అక్షరములుగానే యెంచును. కూర్పు మనిషిదే గనుక సాఫ్టువేరు చేయవలసినది లేదు. నేనో, పేర్లను ఫోనులో యూనికోడు తెలుగున టైపుచేసి పంపితిని. ఆయన వానిని అట్లే తెచ్చి అతికించెను. పాత త్రోవలో నడిచిన యంత్రమునకు క్రొత్త త్రోవ సరకు అందినది. తప్పు ఒక్కరిది కాదు. రెండు పద్ధతులు కలిసిన చోట ఎవరును ఆగి చూడకపోవుటయే తప్పు.

పేర్ల పట్టీని మరల అచ్చు వేసి పాతదానిపై అంటించితిమి. ఆ బాలిక నాయనమ్మకు చూపుటకై ఒక చిన్న ప్రతిని అడిగి తీసికొనిపోయెను.

5. లక్షణమును బట్టి చికిత్స

వైద్యుడు రోగలక్షణమును చూచి మందిచ్చునట్లు, మీరును ఈ క్రింది లక్షణములను గుర్తుంచుకొనుడు.

(అ) వత్తులు విడిపోయి పొల్లులు కనబడుచున్నచో కూర్పు లోపము. ఫోటోషాపులో ఎడిట్ క్రింద ప్రిఫరెన్సెస్ అనుదానిలో టైప్ అను భాగమున దీని నిర్ణయము గలదు. పాత రూపములలో దాని పేరు మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్. తరువాతి రూపములలో వరల్డ్ రెడీ లేఅవుట్. మార్చిన పిమ్మట మూసి తెరచి, క్రొత్త పుటలో చూడవలెను. ఉచితముగా దొరకు గింప్ అను సాఫ్టువేరు హార్ఫ్‌బజ్ అను కూర్పు సాధనమును వాడును గనుక, తగిన ఫాంటున్నయెడల తెలుగు అందు వేరు నిర్ణయము లేకయే కలియును.

(ఆ) అక్షరములకు బదులు ఖాళీ గడులు వరుసగా కనబడుచున్నచో, ఆ ఫాంటులో తెలుగు లేదు. తెలుగు గల యూనికోడు ఫాంటును ఎంచుకొనవలెను.

(ఇ) తెలుగుండవలసిన చోట అర్థములేని ఇంగ్లీషు అక్షరములును గుర్తులును కనబడుచున్నచో, అది పాత పద్ధతిలో టైపు చేయబడినది. ఆ ఫాంటు మీ కంప్యూటరులో లేదు. ఆ ఫాంటునైనను తెచ్చుకొనవలెను, లేదా యూనికోడులోనికి మార్చు సాధనముతో మార్చి, మార్చినదానిని అక్షరమక్షరము చదివి చూడవలెను.

(ఈ) ష్ట్ర వంటి అక్షరముల అడుగుభాగము క్రింది పంక్తిని తాకుచున్నచో, లేదా తెగిపోయినట్లున్నచో, పంక్తుల నడిమి యెడము చాలలేదు. ఇంగ్లీషునకు చాలిన యెడము క్రిందికి దిగు వత్తులకు చాలదు. లీడింగు అను కొలతను పెంచవలెను.

(ఉ) అక్షరములే గాక చిత్రమంతయు నల్లని మచ్చలుగా, గళ్లుగా కనబడుచు, దాచిన ఫైలు మాత్రము వేరొక యంత్రములో బాగుగా నున్నచో, లోపము పటములో లేదు, చూపుటలో నున్నది. ఫోటోషాపులోనైతే ప్రిఫరెన్సెస్ క్రింద పెర్ఫార్మెన్స్ అను భాగములో గ్రాఫిక్స్ ప్రాసెసరు వాడుకను పరీక్షకై ఆపి చూడవలెను. అప్పుడు మచ్చలు పోయినయెడల గ్రాఫిక్స్ డ్రైవరును క్రొత్తదానిగా మార్చుకొనవలెను. ఇట్టి వేళ బాగుగానున్న పటమును చెరిపి మరల గీయుట వృథాశ్రమ.

6. చేయకూడని ఉపాయములు

పని తొందరలో మనకు మూడు అడ్డదారులు తోచును. విరిగిన ముక్కలను చేతితో జరిపి అతికించుట మొదటిది. ఒక పేరునకు సరిపోవచ్చును గాని ఏబది పేర్లకు చాలదు, కొలత మార్చగనే మరల చెదరును. వత్తులేని మాటను వెదకి పెట్టుట రెండవది. మాట మార్చవచ్చునేమో గాని మనుష్యుని పేరును మార్చుటకు మనకు అధికారము లేదు. ఇంగ్లీషులో వేయుట మూడవది; అది ఇంగ్లీషు రానివారిని సభ వెలుపల నిలుపుట వంటిది. బిడ్డ పేరు ఇంటివారికొరకు వ్రాయుచున్నాము గనుక, ఇంటివారు చదువగల లిపిలోనే వ్రాయవలెను.

మేలైన త్రోవ వేరు. అక్షరములు సరిగా కలిసిన పిమ్మట, దిద్దుటకు వీలైన మూలఫైలును దాచుకొని, వేరొక ప్రతిలో అక్షరములను ఆకారములుగా మార్చి అచ్చునకు పంపవలెను. అప్పుడు ఏ యంత్రములో తెరచినను అవి చెదరవు. అచ్చునకు ముందు ఆ ప్రతిని పెద్దదిగా చేసి, వత్తు వత్తునకు ఆగి, ఒక్కరు గాక ఇద్దరు చదువవలెను. నేను ఆనాడు చేయని పని యిదియే. అది చేసియున్నచో ఈ పాఠము వ్రాయవలసిన అవసరమే యుండెడిది కాదు. ఇప్పుడు మన పాఠశాలనుండి పేర్లతో ఏ కాగితము వెలుపలికి పోయినను, ఆ పేరుగల విద్యార్థియే మొదట చదివి చూచు నియమము పెట్టుకొన్నాము. మీ పేరు మీకన్న బాగుగా చదువగలవారెవరు?

అభ్యాసము

1. మీ పేరును, మీ తల్లిదండ్రుల పేర్లను సంకేతముల వరుసగా విడదీసి వ్రాయుడు. ఎన్నిచోట్ల పొల్లు వచ్చినది?
2. రాష్ట్రము అను మాటలో ఎన్ని సంకేతములు గలవు? (తొమ్మిది రావలెను, రాకున్న మరల లెక్కింపుడు.)
3. ఒక పటములో తెలుగు విరిగి యున్నది; అదే మాట నోట్‌ప్యాడులో సరిగా నున్నది. లోపము ఉండదగని భాగమేది? ఏల?
4. మీ ఊరిలో మూడు ఫ్లెక్సీలను శ్రద్ధగా చదివి, విరిగిన అక్షరములున్నచో పై అయిదు లక్షణములలో ఏది యో నిర్ణయించి తరగతిలో చెప్పుడు. దుకాణమువారిని నిందింపక, సవరించు విధమును మర్యాదగా తెలుపుడు.